కిటికీకి ఎదురుగా ఎర్ర గొడుగు

మా బావ అన్నం తినబోయే ముందు కంచాన్ని కొంచెం పైకెత్తి అడుగు చూస్తాడు. ఎందుకు చూస్తాడో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మా అక్కకే తెలియదు. ఏం కనబడిందని అడిగితే, "ఏమీ లేదని చూస్తేనే కదా తెలిసేది" అంటాడు. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగుతాడు, నాలుగోసారి అక్క చేత లాగిస్తాడు. కూరగాయలమ్మి ఏరి ఇచ్చిన కాయ పక్కన పెట్టి, ఆమె ఇవ్వని కాయ తీసుకుంటాడు. ఎవరైనా కాస్త ఆప్యాయంగా పలకరించారో, ఇక ఆ పూటంతా "వీడికి నాతో ఏం పనిబడింది?" అని ఆలోచిస్తూ కూర్చుంటాడు.

అలాంటి మనిషి చేతికి రోజూ అరవై మంది ప్రాణాలు అప్పగించేవాళ్లు. ఆయన సరంగు. నగరం నడిబొడ్డున ఉన్న చెరువులో జనాన్ని విహారానికి తిప్పే రెండంతస్తుల పెద్ద పడవ ఆయన నడిపేవాడు. ఇరవై ఆరేళ్లలో ఆ చక్రం మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. గట్టు దగ్గర బయలుదేరి, చెరువు మధ్యలో చెట్లున్న దిబ్బ చుట్టూ తిరిగి, నలభై నిమిషాలకు మళ్లీ జెట్టీకి చేరడం ఆ పడవ పని. జెట్టీకి ఎడమ పక్కన అద్దె పడవలుంటాయి. కాళ్లతో తొక్కేవి కొన్ని, తెడ్లు వేసేవి కొన్ని. కుడి పక్కన పెద్ద పడవ, దాని వెనకే పదిమంది పట్టే చిన్న లాంచీ కట్టి ఉంటాయి.

వాటన్నిటికీ ఎదురుగా గట్టు మీద తెల్ల సున్నం వేసిన చిన్న గది నాది. టికెట్లిచ్చేది నేనే. మా ఆయన చనిపోయిన ఏడాది బావ మేనేజరు దగ్గరికి వెళ్లి, "మా మరదలు, లెక్క తప్పదు, నోరు మాత్రం కొంచెం ఎక్కువ" అని చెప్పి ఈ ఉద్యోగం ఇప్పించాడు. నోటి విషయంలో అబద్ధం చెప్పలేదు. బావకూ నాకూ ఒక్క పూట కూడా మాటల యుద్ధం లేకుండా గడవదు. ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చి ప్రయాణికుల మీద చాడీలు చెప్పేవాడు, నేను వాటికి చిలవలు పలవలు చేర్చి సాయంత్రం అక్కకు చెప్పేదాన్ని.

"ఆ టోపీ ఆయన్ని చూశావా? ఒక్కడే వచ్చి రెండు టికెట్లు కొన్నాడు. రెండోవాడెవడు?"

"వెనక ఆవిడ వస్తోంది బావా. చెప్పులు విప్పుకుంటోంది."

"ఆవిడ ఆయనతో మాట్లాడట్లేదే?"

"మా అక్క నీతో మాట్లాడుతోందా?"

అలా సాగేది మా వ్యవహారం. ఒకసారి ఒకాయన సొంత లైఫ్ జాకెట్ తెచ్చుకుంటే, మన జాకెట్లు బాగుండవని ఆయనకెవరు చెప్పారో తేలేదాకా బావ పడవ కదపలేదు. ప్రయాణికులు గోల పెడితే ఆ గోల వెనక ఎవరున్నారని అడిగాడు.

ఇక్కడ కళ్లడాక్టరు సంగతి చెప్పాలి. సరంగులకు ఏడాదికోసారి లైసెన్సు కొత్తగా రాసిస్తారు. దానికి కంటి పరీక్ష కాగితం కావాలి. పోయినేడు ఆ పరీక్షకు వారం రోజులుందనగా బావ నా కిటికీ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ డాక్టరు మీద నాకు నమ్మకం లేదు. మనిషిని బట్టి బోర్డు మారుస్తున్నాడంట. నచ్చినవాడికి తేలిక అక్షరాలు, నచ్చనివాడికి కష్టమైనవి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకరు. నువ్వు తలనొప్పని వెళ్లి, ఆ బోర్డు మీదున్న అక్షరాలు వరసగా రాసుకురా. నా వంతు వచ్చినప్పుడు అవేనా కాదా చూసి అక్కడికక్కడే పట్టుకుంటా."

నాకు నవ్వాగలేదు. అయినా వెళ్లాను. వరసలో కూర్చున్నంతసేపూ బోర్డు వైపు చూస్తూ, ఒక పాత టికెట్టు వెనక చిన్నచిన్న అక్షరాలతో అంతా ఎక్కించుకొచ్చాను. బావ ఆ టికెట్టును ఎండకు పెట్టి చూశాడు, దగ్గరగా తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు.

"ఇలా కాదు. పెద్ద కాగితం తీసుకుని అరచేతంత అక్షరాలతో రాయి."

"అంత పెద్దగా రాస్తే దారిన పోయేవాళ్లు కూడా చదివేస్తారు కదా బావా! ఇది రహస్యమన్నావుగా?"

"రాయమన్నది రాయి. ప్రతిదానికీ ఎదురు ప్రశ్న!"

పడవలకు అంకెలు వేసే నల్లరంగు కుంచె తెచ్చి, అరచేతంత అక్షరాలతో రాసిచ్చాను. బావ పరీక్ష పాసయ్యాడు. "బోర్డు మార్చాడా మరి?" అని అడిగితే, "నేను వస్తున్నానని తెలిసినట్టుంది, ఈసారికి మార్చలేదు" అన్నాడు. నేనూ అక్కా నెల రోజులపాటు ఆ మాట తలుచుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఈ ఏడు చిన్న లాంచీకి కొత్త సరంగు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. జుట్టంతా వెనక్కి లాగి గట్టిగా ముడి వేసుకుంటుంది, అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది. పడవ నడపడం ఎక్కడో కోర్సు చదివి సర్టిఫికెట్ తెచ్చుకుంది. బావ ఆమె పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "సర్టిఫికెట్ వచ్చిందా?" "సర్టిఫికెట్ ఏం చేస్తోంది?" అనేవాడు. నాలుగు రోజులకు జెట్టీ మీద అందరికీ ఆమె సర్టిఫికెట్టే అయింది.

వచ్చిన మొదటి వారంలోనే ఆమె పెద్ద పడవ ఎక్కి, చక్రం ముందున్న అద్దాన్ని తడిగుడ్డతో తుడిచింది. బావ ఒంటికాలి మీద లేచాడు.

"నా అద్దం నువ్వెందుకు తుడుస్తున్నావ్?"

"మసగ్గా ఉందేమోనని సార్."

"నీకు మసగ్గా ఉంటే నీ అద్దం తుడుచుకో!"

ఆ సాయంత్రం నా కిటికీ దగ్గర వాపోయాడు. "అద్దం మీద ఏదో పూసింది. అంతకుముందు ఇంత మసక లేదు." తర్వాత పదిరోజులకు ఇంకో ఫిర్యాదు. "రెండుసార్లు పక్కకు పిలిచి మంచిమాటలు చెప్పబోయింది. నా మంచి ఈమెకెందుకు? వచ్చే నెల లైసెన్సు రాసేటప్పుడు నా మీద ఒక్క మచ్చ పడితే చాలు, పెద్ద పడవ ఈమెదే. దానికోసం కళ్లల్లో వత్తులేసుకుని కూర్చుంది."

చెప్పొద్దూ, ఈసారి నాకూ నిజమేననిపించింది. పెద్ద పడవ ఎవరికి చేదు? పైగా ఆమె ఎప్పుడూ నవ్వదు. నవ్వని ఆడదాన్ని నేను తొందరగా నమ్మను, ఆ గుణం నాకుంది.

ఆ రోజుల్లోనే గట్టు మీద పైపు వేయడానికి నా కిటికీ ఎదుట నేల తవ్వారు. ఆ మర్నాడు సాయంత్రం నాలుగింటికి పెద్ద పడవ తిరిగొస్తూ జెట్టీ మూల గుంజకు ఢీకొట్టింది. గుంజ చిట్లింది. ఒకావిడ చేతిలో ఫోను నీళ్లలో పడింది. ఇరవై ఆరేళ్లలో ఇలా జరగడం అదే మొదలు. బావ దిగి వచ్చి గుంజను తడిమి చూశాడు, దానికి కట్టిన టైరును చూశాడు, తాడు ముడి విప్పి మళ్లీ చూశాడు.

"ఇది నా ముడి కాదు" అన్నాడు. "ఎవరో ముట్టుకున్నారు."

ముట్టుకున్నది ఎవరో ఆయన అనలేదు, నేను అడగలేదు. ఇద్దరం లాంచీ వైపు చూశాం. సర్టిఫికెట్ తాడు చుట్టుకుంటూ మా వైపే చూస్తోంది.

"నీకు కిటికీలోంచి అంతా కనబడుతుంది కదా. ఓ కన్నేసి ఉంచు" అన్నాడు బావ.

ఒకటేమిటి, రెండూ వేశాను. టికెట్లు చింపుతూనే ఆమె ఎక్కడికి వెళ్లిందీ, ఎవరితో మాట్లాడిందీ, ఏ తాడు పట్టుకుందీ అన్నీ గమనించాను. మూడు రోజులు ఏమీ దొరకలేదు, పెద్ద పడవ మాత్రం రోజూ కాస్త వంకరగానే వచ్చి ఆనేది. దొరకకపోయేసరికి ఈమె మామూలుది కాదనుకున్నాను.

నాలుగో రోజు దొరికింది. గట్టు అంచున ఐస్‌క్రీమ్ అమ్మే ముసలాయన బండి ఉంటుంది. బండి పక్కన నేలలో పాతినట్టు ఒక పెద్ద ఎర్ర గొడుగు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అది నా కిటికీకి సరిగ్గా ఎదురుగానే ఉండేది. తవ్వకాల వల్ల ముసలాయన బండినీ గొడుగునూ ఐదారడుగులు పక్కకు జరుపుకున్నాడు. ఆ సాయంత్రం సర్టిఫికెట్ లాంచీ కట్టేసి, పరుగులాంటి నడకతో గట్టెక్కి, ముసలాయనతో ఒక మాట చెప్పి, ఆ గొడుగును రెండు చేతులా ఎత్తి తీసుకొచ్చి తవ్విన మట్టి పక్కన నిలబెట్టింది. వెనక్కి తిరిగి నా గది వైపు చూసింది. గొడుగును ఇంకో జానెడు జరిపింది. అప్పుడే దిబ్బ చాటునుంచి పెద్ద పడవ బయటికొస్తోంది. పడవ జెట్టీకి ఆనాక, జనం దిగాక, గొడుగును ఎత్తి ముసలాయనకు ఇచ్చేసి వెళ్లిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేల మీద సుద్దతో చిన్న గుర్తు కూడా పెట్టుకుంది. బావ ట్రిప్పు ముగిసే వేళకు ఆమె ట్రిప్పు లేకపోతే చాలు, గొడుగు దగ్గర ప్రత్యక్షం.

బావతో చెప్పాను. ఆయన చిందులు తొక్కుతాడని, ఆ క్షణమే వెళ్లి ఆమెను నిలదీస్తాడని అనుకున్నాను. ఆయన మొహంలో రంగు పోయింది.

"గొడుగా?" అన్నాడు. "గొడుగు జరుపుతోందా?"

"నా కళ్లతో చూశాను."

"ఎటు జరుపుతోంది? నీ కిటికీ వైపా, అవతలికా?"

"ఎటైతే ఏంటి బావా? నీ పడవ వచ్చే దారికి అడ్డం పెడుతోంది. నీకు జెట్టీ కనబడకుండా చేస్తోంది. మేనేజరుకు చెబుదాం పద."

"వద్దు."

"వద్దా?"

"వద్దంటే వద్దు. వదిలెయ్. మీ అక్కతో కూడా అనకు."

తాళం మూడుసార్లు లాగే మనిషి కళ్లెదుట దొంగను చూపిస్తే వదిలెయ్ అంటాడా? నాకు ఒళ్లు మండింది. ఈమె ఏదో చెప్పి బావను బెదిరించి ఉంటుందని అనుకున్నాను. అంతకుమించి నా బుర్రకు తట్టలేదు.

ఆదివారం నా కూతురు తన స్నేహితురాళ్లు నలుగురితో కలిసి పెద్ద పడవ పై అంతస్తులో కూర్చుంది. జనం కిటకిటలాడుతున్నారు. లాంచీ కూడా ఒక్క క్షణం ఖాళీ లేకుండా తిరుగుతోంది. నాలుగింటికి పెద్ద పడవ వస్తూ వస్తూ పక్కకు మళ్లి, జెట్టీని గీసుకుంటూ పోయి, తెడ్ల పడవలు కట్టిన వైపు ఢీకొట్టింది. పై అంతస్తులో నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను టికెట్ల కట్ట అలాగే వదిలేసి పరిగెత్తాను. నా కూతురి మోకాలు చిట్లి నెత్తురు కారుతోంది. దానికి ఏడుపు కూడా రావడం లేదు, నా చెయ్యి మాత్రం వదలడం లేదు. రెండు అడుగులు అటుగా పడి ఉంటే కమ్మీ దాటి నీళ్లలో ఉండేది.

అప్పుడే లాంచీలోంచి సర్టిఫికెట్ దూకి గట్టు మీదికి పరిగెత్తుకొచ్చింది. ముందు చూసింది ఎటనుకున్నారు? గొడుగు వైపు. అది చూశాను నేను. చాలు అనుకున్నాను.

సోమవారం పొద్దున బావకు చెప్పకుండానే మేనేజరు గదికి వెళ్లాను. పడవలు బాగుచేసే షెడ్డు మీద ఉంటుంది ఆ గది. గొడుగు, సుద్ద గుర్తు, అద్దం, ముడి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. మేనేజరు తొందరపడే మనిషి కాదు. పెన్ను మూత తీస్తూ పెడుతూ అంతా విని, బావనూ సర్టిఫికెట్‌నూ పిలిపించాడు. బావ వచ్చి నన్ను అక్కడ చూశాడు. వెళ్లి గోడ పక్కన నిలబడ్డాడు.

"పెద్ద పడవ వచ్చే వేళకు గొడుగు జరుపుతున్నావా?" అని మేనేజరు ఆమెను అడిగాడు.

"జరుపుతున్నాను సార్."

"ఎందుకు?"

"ఐస్‌క్రీమ్ తాతకు ఎండ తగులుతోందని."

"కాకమ్మ కథలు చెప్పకు!" అన్నాను నేను. "నాలుగింటికి నువ్వు పెట్టిన చోట గొడుగు నీడ తాత మీద పడదు, నా కిటికీ వైపు పడుతుంది. ఎనిమిదేళ్లుగా ఆ ఎండలో కూర్చుంటున్నదాన్ని, నాకు తెలీదా? ఆదివారం గుద్దుకోగానే ముందు గొడుగు వైపే ఎందుకు చూశావు?"

ఆమె బావ వైపు చూసింది, తల దించుకుంది. మేనేజరు సొరుగులోంచి మెమో కాగితం తీశాడు. "పక్క పడవ రాకపోకలకు ఆటంకం కలిగించినందుకు..." అని బయటికి చదువుతూ రాయడం మొదలుపెట్టాడు. ఆ కాగితం పడితే ఆమె లైసెన్సు పోతుంది. నాకు సంతోషంగానే ఉంది. దాచుకోవడమెందుకు?

"రాయకండి" అన్నాడు బావ.

మేనేజరు పెన్ను ఆపాడు.

"ఆ గొడుగు పాత చోట లేకపోతే నేను జెట్టీకి రాలేను."

కింద షెడ్డులో సుత్తి చప్పుడు వినబడుతోంది.

"గుంజలు కనబడక రెండేళ్లయింది" అన్నాడు బావ, నేల వైపు చూస్తూ. "నీళ్లూ గుంజలూ ఒకటే రంగులో ఉంటాయి నాకు. ఎర్రది కనబడుతుంది. దాని వెనక తెల్లగా మా మరదలి గది కనబడుతుంది. తెలుపు మధ్యలోకి ఎరుపు వచ్చేటట్టు పట్టుకుంటే, పడవ వచ్చి జెట్టీకి ఆనుతుంది. తవ్వకాలకు తాత గొడుగు జరుపుకున్నాడని నాకు తెలీదు. ఈ అమ్మాయే జరిపి నన్ను ముంచుతోందనుకున్నాను. చెబుదామంటే, గొడుగుతో నాకేం పనో చెప్పాలి కదా."

ఇన్నేళ్లూ నా కిటికీలోంచి చూస్తే పెద్ద పడవ ముక్కు ఎప్పుడూ ఆ గొడుగు కర్ర వెనకనుంచే వచ్చేది. తిన్నగా, ఒక్క వేలెడు అటూ ఇటూ కాకుండా. బావ పనితనమని మురిసిపోయేదాన్ని.

మేనేజరు సర్టిఫికెట్ వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి వారంలోనే సార్. ఆయన అద్దం మసకనుకునేవారు, అద్దం శుభ్రంగానే ఉంది. కళ్లు చూపించుకోమని రెండుసార్లు చెప్పబోయాను, విననివ్వలేదు. మీకు చెబితే పెద్ద పడవ కోసమే చెప్పానంటారు. అందరూ అలాగే అనుకుంటున్నారు." అందరూ అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది. "గొడుగు జరిగినంతే పడవా పక్కకు పోతోందని తర్వాత గమనించాను. వచ్చే నెల కంటి పరీక్షలో ఎలాగూ బయటపడుతుంది, అందాకా ఎవరికీ దెబ్బ తగలకూడదని గొడుగు సర్దాను. ఆదివారం నా లాంచీ నిండా జనం ఉన్నారు, అందుకోలేకపోయాను. చెప్పకపోవడం నా తప్పే సార్."

"తప్పే" అన్నాడు మేనేజరు. "చాలా పెద్ద తప్పు." మెమో కాగితాన్ని మాత్రం పక్కకు తోశాడు. తర్వాత బావను అడిగాడు. "రెండేళ్లుగా కనబడకపోతే పోయినేడు పరీక్ష ఎలా పాసయ్యావు?"

"బోర్డు కంఠతా పట్టాను."

"ఎవరు చదివి పెట్టారు?"

నల్లరంగు, అరచేతంత అక్షరాలు, అచ్చంగా నా చేతిరాత. బావ తలెత్తలేదు.

"ఎవరూ లేరు. ముందురోజే వెళ్లి దగ్గరగా నిలబడి చూసుకొచ్చాను."

నేను నోరు తెరవలేదు. కూతురి చదువు, ఇల్లు, ఈ ఉద్యోగం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఎక్కడైనా గొంతు లేపే నేను ఆ గదిలో గోడకు ఆనుకుని అలాగే నిలబడ్డాను. బావ జేబులోంచి పడవ తాళంచెవి తీశాడు. రింగు ఊడిపోతుందేమోనని ఒకసారి లాగి చూసి, మేనేజరు బల్ల మీద పెట్టాడు.

మెట్లు దిగుతుంటే నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. "అరవై మంది, బావా! అందులో నా కూతురు! ఎలా నడిపావు?" అని అడిగాను. ఆయన కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ పాదంతో వెతుక్కుంటూ దిగుతున్నాడు. ఆ దిగడం రెండేళ్లుగా రోజూ చూస్తున్నదే. "కాళ్లనొప్పులు" అని ఆయన చెబితే నమ్మాం. ఊరందర్నీ అనుమానించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాం గానీ, ఆయన్ని అనుమానించాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

"పడవ దిగితే ఇంకేం చేయను?" అన్నాడు చివరి మెట్టు మీద. "వేరే పని రాదు నాకు."

ఇదంతా జరిగి నాలుగు నెలలైంది. బావ కళ్లకు ఆపరేషన్ చేయించాం. కుడి కన్ను బాగా వచ్చింది. ఎడమది మునుపే పాడైపోయిందట, లాభం లేదన్నారు. "డాక్టరు కావాలనే ఒకటి వదిలేశాడు" అంటాడు బావ. ఒక్క కంటితో సరంగు లైసెన్సు రాదు. ఇరవై ఆరేళ్ల సర్వీసు మొహం చూసి మేనేజరు ఆయనకు లైఫ్ జాకెట్ల గది అప్పగించాడు. అది నా గది పక్కనే. ప్రతి జాకెట్టు పట్టీ మూడుసార్లు లాగుతాడు, నాలుగోసారి తొడుక్కున్నవాళ్ల చేత లాగిస్తాడు. జనం విసుక్కుంటారు. పెద్ద పడవ సర్టిఫికెట్ నడుపుతోంది. ఆమెకు నేను క్షమాపణ చెప్పాను. "సరే" అంది, అంతే. ఇప్పటికీ నవ్వదు. బావ ఆమెను ఇప్పుడు "అమ్మాయ్" అంటాడు గానీ, పడవ బయలుదేరే ముందు తాడు ముడి మాత్రం తడిమి చూస్తాడు. ఆమె చూడనిస్తుంది.

మొన్న మధ్యాహ్నం జనం పల్చగా ఉన్నారు. బావ నా కిటికీ దగ్గరికి వచ్చి మడతలు పడ్డ కాగితం ఒకటి అరుగు మీద పరిచాడు. నల్లరంగు అక్షరాలు. పాత యూనిఫాం ఉతుకుతుంటే జేబులో అక్కకు దొరికిందట.

"ఇప్పుడు బాగా కనబడుతున్నాయి" అన్నాడు. "ఎంత పెద్దగా రాశావే!"

నేను టికెట్ల కట్ట పక్కన పెట్టాను. "ఆ రోజు మేనేజరు దగ్గర నా పేరు చెప్పలేదు బావా. నేనైనా చెప్పాల్సింది. నోరు రాలేదు."

"నువ్వేం చెబుతావు? డాక్టరు బోర్డు మారుస్తున్నాడని నేను అబద్ధం చెబితే నమ్మి రాసుకొచ్చావు. నీకేం తెలుసు?"

అన్నాక ఆగిపోయాడు. బాగైన కంటితో నా మొహంలోకి చూశాడు. ఒక్కడే వచ్చి రెండు టికెట్లు కొన్నవాణ్ని చూసే చూపు అది. ఇన్నేళ్లలో అందరి మీదా పడింది గానీ, నా మీద ఎప్పుడూ పడలేదు.

"తెలీదు కదా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరూ రుజువు చేయలేరు. ఆ టికెట్టును ఆయన ఎండకు పెట్టి దగ్గరికీ దూరానికీ జరపడం, పెద్దగా రాయమనడం, నేను వేళాకోళం చేస్తూనే ఒక్క క్షణం కుంచె పట్టుకుని ఆగిపోవడం, అన్నీ గుర్తున్నాయి. అక్షరాలు వేరు, చెరువు వేరు అని నాకు నేనే చెప్పుకుని కుంచె రంగులో ముంచాను.

"పెద్దగా రాయమన్నప్పుడు తెలిసింది బావా" అన్నాను.

ఆయన కోప్పడలేదు. మెల్లగా తలూపాడు.

"నాకూ అనుమానంగానే ఉండేది" అన్నాడు. "అడిగితే అవునంటావేమోనని అడగలేదు."

పెద్ద పడవ కూత వేసింది. గొడుగును ముసలాయన ఎండను బట్టి ఎటో లాక్కుపోయాడు. పడవ నేరుగా వచ్చి జెట్టీకి ఆనింది. బావ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దిగేవాళ్ల జాకెట్లు విప్పించడానికి వెళ్లాడు.